ఎడ్డీ వేషం వేసిన ఎనిమిది నెలలు

మొదటి రిహార్సల్లో నేను అరిచాను. బాగా గట్టిగా అరిచాను. పక్క గదిలో హోమ్‌వర్క్ చేసుకుంటున్న పిల్లలు లేచొచ్చి తలుపు సందులోంచి చూశారు. మా డైరెక్టర్ మేడమ్ స్క్రిప్టు మూసి ఒళ్ళో పెట్టుకుని, "బాబూ, ఈ సీన్లో తనకి కోపం వచ్చిందని ఎడ్డీకే తెలీదు. మీకెలా తెలిసింది?" అని అడిగారు.

నేను విశాఖపట్నంలో పరిషత్తు నాటకాలు వేసినవాణ్ణి. అక్కడ కోపమంటే గొంతు. చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా ఛాతీలో అదరాలి, చప్పట్లు పడాలి. ఆ అలవాటుతోనే ఎడ్డీ కార్బోన్ వేషం ఒప్పుకున్నాను. కోపిష్టి పాత్ర, పైగా రేవులో మూటలు దింపే మనిషి. మా నాన్న వైజాగ్ పోర్టులో కళాసీ. ఇక నాకు కష్టమేముంది అనుకున్నాను.

నాటకం పేరు ఎ వ్యూ ఫ్రమ్ ది బ్రిడ్జ్. అమెరికా నాటక రచయిత ఆర్థర్ మిల్లర్ రాశాడు. 1955 లో న్యూయార్క్‌లో ఒకే అంకంగా ఆడారు, మరుసటి ఏడాది రెండంకాలుగా పెంచి లండన్‌లో ఆడారు. న్యూజెర్సీలో మేం పదకొండు మందిమి, అందరం ఉద్యోగాలవాళ్ళమే, ఏటా ఉగాదికి ఒక నాటిక వేస్తుంటాం. ఈసారి మేడమ్ దీన్ని తెలుగు చేస్తానన్నారు. అనువాదానికీ ప్రదర్శనకీ అనుమతి తెచ్చుకోవడమే పెద్ద పని అయింది, ఆ సంగతి ఇక్కడ వద్దు.

కథ తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. బ్రూక్లిన్‌లో రెడ్ హుక్ అనే రేవు పేట. ఎడ్డీ అక్కడ ఓడల్లో సరుకు దింపే కార్మికుడు, ఇటలీ మూలాలున్నవాడు. భార్య బియాట్రిస్. ఆమె చనిపోయిన అక్కచెల్లెలి కూతురు కేథరిన్‌ని చిన్నప్పటి నుంచీ ఈ ఇద్దరే పెంచారు. బియాట్రిస్ బంధువులు మార్కో, రొడాల్ఫో అనే అన్నదమ్ములు సిసిలీ నుంచి దొంగచాటుగా వచ్చి వీళ్ళ ఇంట్లో తలదాచుకుంటారు. కేథరిన్, రొడాల్ఫో ప్రేమించుకుంటారు. ఎడ్డీ దాన్ని తట్టుకోలేక చివరికి ఇమిగ్రేషన్ వాళ్ళకి ఫోన్ చేసి ఇద్దరినీ పట్టిస్తాడు. పేటంతా చూస్తుండగా మార్కో అతని ముఖాన ఉమ్మేస్తాడు. ఎడ్డీ కత్తి తీస్తాడు, ఆ కత్తికే చనిపోతాడు.

మొదటి నెల మేం ఒక్క సీను కూడా పూర్తిగా వేయలేదు. వరసలు తేల్చుకోవడంతోనే సరిపోయింది. ఇంగ్లీషులో నీస్ అనే ఒక్క మాటతో పని జరిగిపోతుంది. తెలుగులో జరగదు. అక్కకూతురా, మేనకోడలా? భార్య తోడబుట్టిన ఆడమనిషి కూతురు మనకి కూతురే అవుతుంది. కేథరిన్ నోట ఎడ్డీని ఏమని పిలిపించాలి? 'పెదనాన్నా' అనిపించారు మేడమ్. ఆ ఒక్క పిలుపుతో గదిలో గాలి మారిపోయింది. ఎడ్డీ మనసులో ఉన్నదానికి మన భాషలో పేరు లేదు, పేరు పెట్టడానికి నోరు కూడా రాదు. అతను ఎందుకు అంతగా మెలికలు తిరుగుతాడో నాకు ఆ రోజే కొంచెం అర్థమయింది.

రొడాల్ఫో సంగతి ఇంకా చిక్కు. అతను బియాట్రిస్‌కి మేనమామ కొడుకనుకుంటే కేథరిన్‌కి బాబాయి వరస అవుతాడు, పెళ్ళి కుదరదు. పిన్ని కొడుకనుకుంటే బియాట్రిస్‌కి తమ్ముడు, కేథరిన్‌కి మేనమామ. అప్పుడు పెళ్ళికి వరస కుదురుతుంది. మేడమ్ రెండోదే ఎంచుకున్నారు. దాంతో ఇంకో మేలు జరిగింది. మార్కో, రొడాల్ఫో ఇద్దరూ ఎడ్డీకి బావమరుదులయ్యారు. బావా బావమరుదుల మధ్య వేళాకోళం మనకి మామూలే కదా. ఎడ్డీ రొడాల్ఫోని నలుగురిలో చిన్నబుచ్చే ప్రతి మాటా సరసం ముసుగులో బయటికొస్తుంది. చూసేవాళ్ళు నవ్వుతారు. ఎదుటివాడూ నవ్వాల్సి వస్తుంది, లేకపోతే సరసం తెలియనివాడు అవుతాడు. ఈ నాటకంలో హింస మొదలయ్యేది అక్కడే.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం మార్కో వేస్తున్న కుర్రాణ్ణి తీసుకుని రెడ్ హుక్ వెళ్ళాను. ఓడలు బాగుచేసే పాత యార్డు ఉన్న చోట ఇప్పుడు ఐకియా షాపు ఉంది. నీళ్ళ ఒడ్డుకి వెళ్తే స్టాట్యూ ఆఫ్ లిబర్టీ ఎదురుగా కనిపిస్తుంది. ఎడ్డీ లాంటివాళ్ళు పొద్దున్నే ఇలాంటి రేవుల దగ్గర అర్ధచంద్రాకారంలో నిలబడేవారు. పని పంచేవాడు వేలు చూపించినవాళ్ళకే ఆ పూట పని. మిగతావాళ్ళు ఇంటికి పోవాల్సిందే. ఈ పద్ధతిని న్యూయార్క్ రేవుల్లో 1953 లో రద్దు చేశారు. నాటకం రాసేనాటికి అది ఇంకా పచ్చి జ్ఞాపకం.

మా నాన్నా అలాగే నిలబడ్డాడు. డాక్ లేబర్ బోర్డు కార్డు రాకముందు తెల్లారకుండానే వెళ్ళి, మేస్త్రీ కంట్లో పడటానికి ఛాతీ విరుచుకుని నిలబడేవాడినని చెప్పేవాడు. జ్వరంతో ఉన్నా నిటారుగా నిలబడాలి. ఒళ్ళు బాగులేదని తెలిస్తే ఆ పూట తిండి లేదు. ఒంటి బలమే ఆస్తి అయినవాడు దాన్ని రోజూ పదిమంది ముందు నిరూపించుకోవాలి. సాయంత్రం ఇంటికొచ్చాక ఆ విరుచుకున్న ఛాతీని ఎక్కడ దించాలో తెలీదు. ఎడ్డీ గురించి నేను చదివిన ఏ వ్యాసం కన్నా నాన్న చెప్పిన ఆ నిలబడటం నాకు ఎక్కువ పనికొచ్చింది. మేడమ్ నన్ను వారం పాటు డైలాగు లేకుండా ఒట్టినే నిలబడమన్నారు. ఇంటి గుమ్మంలోంచి లోపలికి వచ్చి, టోపీ తగిలించి, నిలబడటం. అంతే.

ఇంకో సంగతి. 1956 ఏప్రిల్ 26 న ఐడియల్ ఎక్స్ అనే ఓడ 58 అల్యూమినియం పెట్టెలతో న్యూజెర్సీలోని నూవర్క్ రేవు నుంచి హ్యూస్టన్‌కి బయల్దేరింది. ఇప్పుడు ప్రపంచమంతా నడిచే కంటైనర్ల రవాణా మొదలయింది దాంతోనే. రెండంకాల ఎడ్డీ లండన్ స్టేజి ఎక్కింది అదే ఏడాది అక్టోబరులో. మూటలు మోసే చేతులతో పని లేకుండా చేసే యంత్రం అప్పటికే నీళ్ళ మీద ఉంది. నేను ఆఫీసుకి వెళ్ళే దారిలో టర్న్‌పైక్ హైవే మీది నుంచి ఆ నూవర్క్ క్రేన్లు రోజూ కనిపిస్తాయి. నాటకంలో ఎవరికీ ఆ సంగతి తెలీదు. నాకు తెలుసు. ఎడ్డీ తన చేతులు చూసుకునే చోట అది నాకు గుర్తొచ్చేది.

ఇక మొదటి సీను. కేథరిన్‌కి ఒక ప్లంబింగ్ కంపెనీలో స్టెనోగ్రాఫర్ ఉద్యోగం వచ్చింది. సంతోషంగా చెప్తుంది. ఎడ్డీ వద్దనడు. ఆ వీధి మంచిది కాదంటాడు, అక్కడ ఎలాంటి మగవాళ్ళు తిరుగుతారో అంటాడు, నీ నడక మారిందంటాడు. అన్నీ ప్రేమగానే అంటాడు. దీన్ని ఎన్నిసార్లు చేసినా నాకు కుదరలేదు. కోపం లేకుండా చేస్తే చప్పగా ఉండేది, కోపంతో చేస్తే అబద్ధంగా ఉండేది.

జూన్‌లో ఒక రాత్రి రిహార్సల్ నుంచి కారులో వస్తుంటే మా అప్ప, అంటే అక్క, గుర్తొచ్చింది. నాకు పద్నాలుగేళ్ళప్పుడు అప్ప టైపు హయ్యర్, షార్ట్‌హ్యాండ్ పాసయింది. ఆటోనగర్‌లో ఒక కంపెనీలో ఉద్యోగం ఇస్తామన్నారు. ఆ కాగితం తెచ్చి నాన్నకి ఇచ్చింది. నాన్న అప్పుడు వాకిట్లో కూర్చుని బస్తాలు లాగే కొక్కేన్ని కొబ్బరి పీచుతో తోముకుంటున్నాడు. కాగితం పక్కన పెట్టి తోముతూనే ఉన్నాడు. చాలాసేపటికి, "ఆ రోడ్డంట ఎవులెవులు ఉంటారో నీకు తెలుసేటి తల్లీ?" అన్నాడు. తల్లీ అన్నాడు. గొంతు పెంచలేదు. కొక్కెం మొన ఎండలో తళతళలాడుతోంది. అప్ప ఆ ఉద్యోగానికి వెళ్ళలేదు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఏడాది తిరక్కుండా పెళ్ళి చేసేశారు.

నాన్న మమ్మల్ని కొట్టిన మనిషి కాదు. మా వీధిలో నాన్నకి మంచి పేరు. అందుకే నేను ఇన్నేళ్ళూ ఆ సాయంత్రాన్ని కోపం కింద లెక్కేయలేదు. ఆ రాత్రి కారు పక్కకి తీసి ఆపి, నాన్న గొంతుతో ఎడ్డీ డైలాగు చెప్పి చూశాను. మెల్లగా, తల్లీ అంటూ. నా ఒళ్ళు నాకే గగుర్పొడిచింది. మర్నాటి రిహార్సల్లో అలాగే చెప్పాను. కేథరిన్ వేసే అమ్మాయి తర్వాతి డైలాగు మర్చిపోయింది. మేడమ్ ఏమీ అనలేదు, పెన్సిలుతో స్క్రిప్టులో ఏదో గుర్తు పెట్టుకున్నారు.

ఆ తర్వాత నుంచీ నాకు ఎడ్డీ కోపం అరుపుల్లో కాకుండా వస్తువుల్లో కనిపించడం మొదలయింది. మొదటి అంకం చివర చూడండి. రొడాల్ఫోకి వంట వచ్చు, బట్టలు కుట్టడం వచ్చు, పాట వచ్చు అని ఆడవాళ్ళు మురిసిపోతుంటారు. ఎడ్డీ చేతిలో న్యూస్‌పేపర్ ఉంటుంది. తనకే తెలియకుండా దాన్ని చుట్టగా మెలిపెడుతూ ఉంటాడు, చివరికి అది రెండు ముక్కలవుతుంది. ఆ వెంటనే లేచి, సరదాగా, రొడాల్ఫోకి బాక్సింగ్ నేర్పిస్తానంటాడు. నేర్పిస్తూ నేర్పిస్తూ ఒక దెబ్బ తగిలిస్తాడు. చూసేవాళ్ళకి అది పొరపాటా కాదా అన్నది తేలకూడదు. రిహార్సల్‌కి ఒకటి చొప్పున నేను పాత పేపర్లు చింపాను. ఎక్కువ బిగిస్తే ముందే చిరుగుతుంది, తక్కువైతే అసలు చిరగదు. డైలాగు మీద ధ్యాస ఉంటే చెయ్యి అబద్ధం ఆడుతుంది.

ఒక శనివారం మా అమ్మాయి స్నేహితులతో సినిమాకి వెళ్తానంది. పదహారేళ్ళది. నేను కరెంటు బిల్లు చూస్తూ, "ఎవరెవరు వస్తున్నారు తల్లీ?" అన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ తొంగి చూసి, "ఇది ఎడ్డీ డైలాగా, మీదా?" అంది. చేతిలో చూసుకుంటే బిల్లు చుట్ట చుట్టి ఉంది. దాన్ని బల్ల మీద పరిచి సాపు చేశాను. అమ్మాయి వెళ్ళింది. ఆ రాత్రి అది తిరిగొచ్చేదాకా నేను ముందు గదిలోనే కూర్చున్నాను. అడగాలనుకున్న ప్రశ్నలన్నీ మింగడం ఎంత కష్టమో ఆ నాలుగు గంటల్లో తెలిసింది. ఇది రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది. కానీ ఈ భాగం వదిలేసి వేషం గురించి మాత్రమే చెప్తే అది నిజం కాదు.

కుర్చీ సీను గురించి వివరంగా చెప్పాలి. బాక్సింగ్ అయ్యాక, అప్పటిదాకా నోరెత్తని మార్కో ఒక కుర్చీ తెచ్చి ఎడ్డీ ముందు పెడతాడు. ఒక చెయ్యి వీపు వెనక పెట్టుకుని, మోకాలి మీద వంగి, కుర్చీ కాలు అడుగున పట్టుకుని ఒంటిచేత్తో పైకెత్తగలరా అని అడుగుతాడు. ఎడ్డీ ఎత్తలేడు. మార్కో ఎత్తుతాడు. మెల్లగా లేచి నిలబడి ఆ కుర్చీని ఎడ్డీ తలపైన ఆయుధంలా పట్టుకుంటాడు. ఒక్క మాట అనడు. తర్వాత చిన్నగా నవ్వుతాడు. ఎడ్డీ ముఖంలో నవ్వు పోతుంది. లైట్లు ఆరతాయి.

మడత కుర్చీతో కుదరలేదు. ప్లాస్టిక్‌ది తేలిగ్గా లేస్తుంది, జనం నమ్మరు. చివరికి మా ఇంటి డైనింగ్ టేబుల్ చెక్క కుర్చీ తీసుకెళ్ళాం. మార్కో వేసిన కుర్రాడు రోజూ జిమ్‌కి వెళ్ళేవాడే, అయినా మూడు వారాలు పట్టింది. కిటుకు భుజంలో లేదు, మణికట్టులో ఉంది. కాలు అడుగున పట్టుకోగానే కుర్చీ ముందుకి ఒరుగుతుంది, దాన్ని ఒరగనివ్వకుండా లేవాలి. అతనికి ఎత్తడం కష్టమయితే నాకు ఓడిపోవడం కష్టమయింది. ఎత్తలేనట్టు నటించొద్దు, నిజంగా ఎత్తడానికి ప్రయత్నించమన్నారు మేడమ్. ప్రయత్నించాను. నిజంగానే ఎత్తలేకపోయాను. నా వయసు నలభై ఆరు. ఆడవాళ్ళంతా చూస్తున్నారు. ఆ క్షణంలో ఆ కుర్రాడి మీద నాకు లోపల పుట్టిన మంట నటన కాదు. పోర్షన్ అయ్యాక వాడు వచ్చి, "అన్నా, చెయ్యి నొప్పి పెట్టిందా?" అన్నాడు. వాడి ముఖంలోకి చూడలేకపోయాను.

ఆ సీన్లో తెలుగు మాకు గొప్పగా కలిసొచ్చింది. మార్కో నాటకం అంతా ఎడ్డీని 'బావగారూ, మీరు' అంటాడు. కుర్చీ ఎత్తమన్నప్పుడు కూడా అంతే మర్యాద. నాటకం మొత్తంలో అంత మెత్తని మాట ఇంకోటి లేదు, అంత పెద్ద బెదిరింపూ ఇంకోటి లేదు. ఇమిగ్రేషన్ వాళ్ళు చేతులు కట్టి తీసుకుపోతుంటే మొదటిసారి 'నువ్వు' అంటాడు. తన పిల్లల నోటి దగ్గరి కూడు లాక్కున్నావని నిందిస్తాడు. మీరు నుంచి నువ్వుకి దిగడం చాలు, ఇక ఉమ్మనక్కరలేదేమో అనిపించేది నాకు.

రొడాల్ఫో గురించి ఎడ్డీ అనే మాటల దగ్గర మాలో మాకు తగువు వచ్చింది. ఆ అబ్బాయిలో ఏదో సరిగ్గా లేదని ఎడ్డీ పదే పదే అంటాడు, అదేమిటో పైకి చెప్పలేడు. మేడమ్ 'తేడా' అని రాశారు. మగవాళ్ళం నలుగురు కూర్చుంటే ఎవరి గురించయినా సులువుగా వాడేసే మాట అది. సినిమాలు చూసీ చూసీ ఆ మాట వినగానే నవ్వడం అలవాటయిపోయింది. ఇక్కడా నవ్వు వస్తుందని, సీను చెడుతుందని కొందరన్నారు. నవ్వు రావాలనే రాశానన్నారు మేడమ్. చూసేవాళ్ళు ఎడ్డీ పక్కన నిలబడి నవ్వాకే, అతను ఎక్కడికి తీసుకెళ్తున్నాడో వాళ్ళకి తెలియాలి.

అతను తీసుకెళ్ళేది రెండో అంకంలో ముద్దు దగ్గరికి. క్రిస్మస్ ముందు రోజుల్లో ఎడ్డీ తాగి ఇంటికొస్తాడు. కేథరిన్‌ని బలవంతంగా ముద్దు పెట్టుకుంటాడు. అడ్డొచ్చిన రొడాల్ఫో చేతులు విరిచిపట్టి అతన్ని కూడా ముద్దు పెట్టుకుంటాడు, వాడు మగవాడు కాడని ఆమెకి రుజువు చేయడానికి. 1956 లో లండన్‌లో, ఇద్దరు మగవాళ్ళ ముద్దు ఉన్నందుకు నాటకాలని సెన్సార్ చేసే లార్డ్ ఛాంబర్‌లేన్ దీని బహిరంగ ప్రదర్శనకి ఒప్పుకోలేదు. కామెడీ థియేటర్‌ని సభ్యుల క్లబ్బుగా మార్చి, పీటర్ బ్రూక్ దర్శకత్వంలో ఆడారు. మా గ్రూపులోనూ తీసేద్దామన్నవాళ్ళున్నారు. కుటుంబాలు వస్తాయి, పిల్లలుంటారు అన్నారు. వాళ్ళది వట్టి భయం అనుకోను, నాకూ ఆ భయం ఉంది. కానీ తీసేస్తే ఎడ్డీ ఎవరో జనానికి తెలియకుండానే నాటకం అయిపోతుంది.

ఇంగ్లీషు నాటకాల్లో ఇలాంటి సీన్లు కూర్చే ఒకావిడని రెండు రోజులు పిలిపించాం. ఆవిడ దాన్ని డాన్సులాగా అంకెల్లో కూర్చింది. ఒకటికి చెయ్యి భుజం మీద, రెండుకి తల తిప్పడం, మూడుకి నా వీపు ప్రేక్షకులవైపు. పెదవులు తగలవు, బొటనవేలు అడ్డముంటుంది. కేథరిన్ వేసిన అమ్మాయి ఏ అంకె దగ్గరయినా ఆగమంటే ఆగిపోవాలి, ఎందుకని అడగకూడదు. మొదటి రోజు ఆ అమ్మాయి రెండు దగ్గర మూడుసార్లు ఆపింది. నేను మూడుసార్లూ వెనక్కి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆపిన ప్రతిసారీ ఆవిడ ఆ అమ్మాయికి థాంక్స్ చెప్పింది. నాకు చెప్పలేదు. అదీ సరిగ్గానే అనిపించింది.

చాలామంది ఈ నాటకాన్ని ముద్దు గురించి గుర్తుపెట్టుకుంటారు. నాకు మాత్రం భయం వేసింది ఫోన్ దగ్గర. ఎడ్డీ ఒక్కడే ఫోన్ బూత్‌లో నిలబడి, పేరు చెప్పకుండా, తన ఇంటి అడ్రసే చెప్తాడు. నాటకం మొదట్లోనే, ఇలా సొంతవాళ్ళని పట్టించిన ఒక పిల్లాణ్ణి తండ్రి, అన్నదమ్ములు మెట్ల మీద ఈడ్చుకుపోయిన కథ ఎడ్డీ, బియాట్రిస్ కలిసి కేథరిన్‌కి చెప్తారు. చెప్పినవాడే ఆ పని చేస్తాడు. మిల్లర్ ఇది రాసిన కాలంలో అమెరికా కాంగ్రెస్ కమిటీ ఒకటి కమ్యూనిస్టులన్న అనుమానంతో మనుషుల్ని పిలిపించి, తోటివాళ్ళ పేర్లు చెప్పమని అడుగుతుండేది. 1956 జూన్‌లో ఆయన్నీ పిలిచారు, పేర్లు చెప్పనన్నాడు, దానికి కాంగ్రెస్‌ని ధిక్కరించాడని శిక్ష పడింది, 1958 లో పై కోర్టు దాన్ని కొట్టేసింది.

దొంగచాటుగా వచ్చినవాళ్ళని నాటకంలో సబ్‌మెరైన్లు అంటారు. వైజాగ్‌వాణ్ణి, నాకు ఆ మాట వింటే బీచిలో మ్యూజియంగా పెట్టిన జలాంతర్గామి కుర్సురా గుర్తొస్తుంది. ఇక్కడ మాత్రం నీళ్ళ అడుగున ఊపిరి బిగబట్టుకుని బతికే మనుషులు. 1924 చట్టం దేశాలవారీగా కోటాలు పెట్టి ఇటలీ నుంచి వచ్చేవాళ్ళని బాగా తగ్గించింది. 1946 లో మన దేశానికి ఇచ్చిన కోటా ఏడాదికి వంద. 1965 లో ఆ కోటాలు ఎత్తేశాకే మాలాంటివాళ్ళకి దారి తెరుచుకుంది. అయినా ఆ ఊపిరి బిగబట్టడం మా గదిలో అందరికీ తెలుసు. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ అనే పేరుతో ప్రభుత్వమే నడిపిన బూటకపు యూనివర్సిటీలో చేరిన మన విద్యార్థులని అరెస్టు చేసినప్పుడు, తెలుగు ఇళ్ళల్లో ఫోన్ మోగితే ఎత్తడానికి భయపడ్డ రోజులు చూశాం. ఫోన్ సీను మొదటిసారి పూర్తిగా చేసిన రోజు, లైటింగ్ చూసే కుర్రాడు లేచి బయటికి వెళ్ళిపోయాడు. మర్నాడు వచ్చాడు. మేమెవరం ఏమీ అడగలేదు.

చివరి సీన్లో ఎడ్డీ తన పేరు తనకి తిరిగిమ్మని మార్కోని అడుగుతాడు. 'పరువు' అంటే ఇంకా బాగా తగులుతుందని నేనన్నాను. మేడమ్ ఒప్పుకోలేదు. పరువు అనగానే మన జనం ఎడ్డీకి సగం క్షమాపణ ఇచ్చేస్తారు, ఆ మాటతో మనం ఎన్ని హత్యలు చూశాం అన్నారు. 'పేరు' అనే ఉంచాం. పేరు అన్నాక నాకు ఆ డైలాగు బతిమాలుకున్నట్టు వచ్చింది. అప్పుడు అరిచాను. మొదటి రోజు అరిచినంత గట్టిగానే అరిచాను. మేడమ్ వద్దనలేదు.

అక్టోబరులో రెండు ప్రదర్శనలు వేశాం. మొదటి రోజు 'తేడా' దగ్గర హాలంతా నవ్వింది. బాక్సింగ్ దగ్గర ఇంకా నవ్వింది. నా వీపు వెనక ఆ నవ్వు వెచ్చగా ఉంది, నిజం చెప్పాలంటే నాకు బలమిచ్చింది. ఇంతమంది నా పక్షాన ఉన్నారనిపించింది. ఎడ్డీకి అలాగే అనిపించి ఉంటుంది. కుర్చీ నా తలపైకి లేచేసరికి ఎవరూ నవ్వలేదు. ముద్దు దగ్గర ఒకాయన పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు కదల్లేదు. బియాట్రిస్ ఒళ్ళో పడిపోయాక కళ్ళు మూసుకుని వింటున్నాను, ముందు వరసలో ఎవరో ఆడమనిషి ముక్కు చీదుకుంటోంది.

వీడియో నాన్నకి పంపాను. ముద్దు గురించి ఏమంటాడోనని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. మూడో రోజు ఫోన్ చేశాడు. డెబ్బై ఆరేళ్ళు, కొంచెం చెవుడు. నా గొంతు బాగుందనలేదు, వేషం గురించి ఏమీ అనలేదు.

"మొదట్ల ఆ పిల్ల ఉద్యోగమని అడిగింది కదేటి. ఎల్లనిచ్చాడా ఆడు?" అన్నాడు.

"ఇచ్చాడు నాన్నా. గొణిగాడు గానీ, ఒప్పుకున్నాడు."

చాలాసేపు మాట లేదు. లైను కట్టయిందేమో అనుకున్నాను. వెనక టీవీ చప్పుడు వినిపిస్తోంది.

"అప్పకి సూపించావేటి ఇది?"

"లేదు నాన్నా, ఇంకా లేదు."

"పంపు," అని పెట్టేశాడు.